కొండవైపు తలుపు

ఆయన పోయిన కబురు నాకు ఒక కడప ఆవిడ చెప్పింది. శుక్రవారం ఉదయం, కువైట్‌లో, ఫింటాస్‌లోని మా బాల్కనీలో రాత్రి దుమ్ముకి పాడైన బట్టలు దులుపుతున్నాను. తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"సార్, పేపరు గారంటే మీరేనా? బాబాయి ఫోన్లో అట్టనే రాసుండాది."

నేనేనన్నాను.

"సబా అల్ సలేం నుంచి మాట్లాడుతుండా సార్. బాబాయి, నేను ఒకే ఇంట్లో పని. పొద్దన్నే టీ తీసుకపోతే లేయలా. అంబులెన్సోళ్లు వచ్చి సూసినారు, ఖలాస్ అన్న్యారు. ఎవురికన్నా చెప్పమని మామా ఫోను నా చేతికిచ్చింది. ఇంకెవురికి చెప్పాల్నో తెలీక మీకు చేసినా."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. శవాన్ని ఊరికి పంపే కాగితాలు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చూసుకుంటాడనీ, ఊళ్లో ఉన్న బాబాయి కూతురికి అప్పుడే చెప్పేశారనీ కడప ఆవిడే అంది. ఇంకేమైనా తెలుసుకోవాలా అని అడిగితే కాసేపు ఆలోచించి, "నిద్దర్లోనే పోయినట్టుండాడు సార్, మొగం బాగుంది" అంది.

కోనసీమ మనిషి. లంక గ్రామం. ఇంటి దగ్గర రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపేవాడు. ఆయనకు బాబాయి కాక మరో పేరుందని ఇక్కడెవరమూ పట్టించుకోలేదు. నేను ఒక ఇంగ్లీషు దినపత్రికలో డెస్కు మీద పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు పేపరు గారని పేరు పెట్టింది ఆయనే.

ఎండాకాలమంతా కఫీల్ ఇంట్లో మొక్కలకు నీళ్లు పట్టడం, వాకిలి కడగడం, కార్లు తుడవడం ఆయన పని. చలికాలం వస్తే మాత్రం హోదా మారిపోయేది. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడి కుటుంబాలు ఎడారిలో ఖైమాలు వేసుకుంటాయి. ఖైమా అంటే గుడారమే గానీ, కొన్నింటిలో మా ఫ్లాటు మొత్తం పడుతుంది. వాటిని నిలబెట్టడంలో బాబాయిని మించినవాడు లేడని ఆయన కఫీల్‌కు నమ్మకం. స్నేహితులు అడిగితే ఒకటి రెండు రోజులకు పంపేవాడు. మా తెలుగువాళ్లం ఏటా జనవరిలో ఎడారిలో ఒక రోజు వనభోజనం పెట్టుకునేవాళ్లం. అలా మాకూ దొరికాడు.

మొదటిసారి చూసినప్పుడు ఆయన మడమతో నేలను తొక్కి, మడమను అలాగే తిప్పుతున్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ అదే పని. చుట్టూ అంతా ఒకే రకం ఇసుక. మాకు తేడా ఏమీ తెలియలేదు. చివరకు ఒక చోట ఆగి, "ఇక్కడ పట్టుద్దండి" అని మేకు దింపాడు. మధ్య స్తంభం లేపేటప్పుడు మనుషులతో మాట్లాడడు. గుడ్డతోనే మాట్లాడతాడు. "లెగమ్మా, లెగు, అంతే, బంగారు తల్లివి." అది లేచి నిలబడ్డాక ఒక్కడే లోపలికి వెళ్లి కళ్లు మూసుకుని నిలుచుంటాడు. ఏం చేస్తున్నావని అడిగిన మా వాళ్లలో ఒక ఇంజనీరుకు, "ఏ తాడు ఏడుస్తందో వింటన్నానండి" అన్నాడు. ఇంజనీరు నవ్వాడు. బాబాయి వెళ్లి ఈశాన్యం మూల తాడు విప్పి కట్టాడు. కట్టిన ముడి పంటు ముడి. రేవులో గుంజకు పంటును కట్టేసే ముడి. దాన్ని ఎంత గాలైనా బిగిస్తుందే తప్ప విప్పదట.

భోజనాల దగ్గర మాటలు వానల మీదికీ వరదల మీదికీ పోయేవి. అప్పుడు ఆయనను ఆపడం కష్టం. గోదావరి గురించి ఇంట్లో పెద్దావిడ గురించి చెప్పినట్టు చెప్పేవాడు. కోపం ఎక్కువే, కానీ మర్యాద తెలిసిన మనిషి. "గోదారి చెప్పి వస్తాదండి. ముందు రంగు మారుద్ది. తరవాత నురగొస్తాది. దుంగలొస్తాయి. రెండు రోజులు టైమిచ్చి అప్పుడు ఇంట్లోకొస్తాది. చెప్పకుండా వచ్చేది నీరు కాదండి, దొంగ." ఈ మాట నేను ఏటా విన్నాను. ఆయన చెప్పే తీరుకు అది నిజమేననిపించేది.

తరవాత ఒక జనవరిలో ఆయన ఆ మాట అనలేదు. అసలు పెద్దగా మాట్లాడలేదు. మేం చూపించిన చోటు దగ్గర నిలబడి, "ఎగువ ఏముందండి?" అని అడిగాడు.

మాకు అర్థం కాలేదు. ఎటు చూసినా బల్లపరుపు. ఇంజనీరు అన్నాడు, "ఎగువ ఇరాక్ ఉంది బాబాయ్. పాస్‌పోర్టు తెచ్చావా?"

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. మడమ పరీక్ష కూడా చేయలేదు. ఒక సీసాడు నీళ్లు నేల మీద పోసి, ఎటు పారతాయోనని వంగి చూశాడు. నీళ్లు ఎటూ పారలేదు, అక్కడే ఇంకాయి. అప్పుడు మేకులు దింపాడు. గుడారం లేచింది. లోపలికి వెళ్లి కళ్లు మూసుకోలేదు. తలుపు గుడ్డ పట్టుకుని ఎటు తిప్పాలో తెలియనట్టు చాలాసేపు నిలబడ్డాడు. మా ఆవిడ వచ్చి, "ఎండ పడకుండా ఎటో అటు పెట్టెయ్యి బాబాయ్" అన్నాక గానీ కదలలేదు.

భోజనాలయ్యాక నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "పేపరు గారూ, మా డ్రైవరు సంగతి మీ పేపర్లో వచ్చిందంట కదండి" అన్నాడు.

వచ్చింది. డిసెంబరులో. రెండు వాక్యాల వార్త. సౌదీలో తబూక్ దాటాక, ఒక లోయలో వాగు మధ్యన గుడారంలో నిద్రపోతున్న కార్మికుడు ఆకస్మిక వరదలో కొట్టుకుపోయాడు. కువైట్ కుటుంబంతో వెళ్లినవాడు, భారతీయుడు. పేజీ అడుగున ఖాళీ ఉంటే పెట్టి పంపింది నేనే. ఆ మనిషి బాబాయితో ఒకే గదిలో ఉండేవాడనీ, ఆ ప్రయాణంలో బాబాయి కూడా ఉన్నాడనీ నాకు అప్పుడే తెలిసింది.

కఫీల్, ఆయన తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు కలిసి చలికాలం సెలవుల్లో అక్కడికి వెళ్లారు. వంటకీ ఖైమాలకీ బాబాయి, పికప్పు నడపడానికి డ్రైవరు. డ్రైవరుది జగిత్యాల వైపు పల్లె. బాబాయి కంటే పదేళ్లు చిన్న. రెండు రోజులు ఎడారిలో నడిపి, చీకటి పడ్డాక చేరారు. సామానంతా పికప్పులో ఉంచుకుని అందులోనే పడుకున్నారు.

"తెల్లారి దిగానండి. చూద్దును కదా, ఎదురుగా సగం ఆకాశం లేదండి."

ఆయన చేత్తో ఎత్తు చూపించబోయి, చెయ్యి దించేశాడు. 

"నేను కొండలు చూడలేదని కాదండి. అన్నవరం ఎక్కాను, సింహాచలం ఎక్కాను. అయి మనుషుల కొండలండి. మెట్లుంటాయి, పైన దేవుడుంటాడు, కిందన కొబ్బరికాయల కొట్టుంటాది. ఇది అది కాదండి. కిందన ఎర్రగా, పైకి పోయే కొద్దీ నలుపు, ఆ పైన తెల్లగా కాసింత మంచు. మెడ నొప్పెట్టినా చివర కనపడదు. దానికి మనం ఉన్నట్టే తెల్దండి. నేను చెప్పులిప్పేశాను. ఎందుకిప్పానో నాకు తెల్దు. డ్రైవరు చూసి, 'ఏందన్నా, గుట్టకు మొక్కుతున్నవా?' అని నవ్వాడు."

కఫీల్ తన ఖైమాలను గట్టు మీద, గులకరాళ్ల నేల మీద వేయమన్నాడు. పనివాళ్ల ఖైమా మీ ఇష్టమన్నాడు. గట్టుకు కింద, రెండు దిబ్బల మధ్య మెత్తటి తెల్లటి ఇసుక పరిచి ఉంది. గాలి లేదు. మేకు వేలితో నొక్కితే దిగుతోంది. బాబాయి అక్కడ వేద్దామన్నాడు.

"డ్రైవరు వద్దన్నాడండి. 'అన్నా, గిది వాగే. సూడు, రాళ్లు గుండ్రంగున్నయి. గా గుట్ట మీద యాడ్నో వాన పడ్తె నీళ్లన్నీ గీడికే వస్తయి. మా దిక్కు గిట్లనే బర్రెలు కొట్కవోతయి. గడ్డ మీద ఏద్దాం పా' అన్నాడు. నేనేమన్నానో తెలుసాండి? గోదారి మీద పుట్టినోణ్ణి, నాకు నీళ్లు నేర్పుతున్నావా అన్నాను. మీ వాగులో మేక నిలబడితే మోకాళ్లు తడవవు అన్నాను. కఫీల్ కొడుకులు కూడా నవ్వారండి, నేను నవ్వడం చూసి. ఆడు చిన్నబోయాడండి. 'సరే తీ అన్న, పెద్దోడివి, నీ ఇష్టం' అన్నాడు."

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లున్న చోట ఎండ కాస్తోంది. కొండ వెనక మాత్రం ఒక నల్లటి మచ్చ. డ్రైవరు పొద్దున్నుంచీ పిల్లల్ని తిప్పి వచ్చి, తిని పడుకున్నాడు. బాబాయి కూడా పడుకోవాల్సినవాడే. గట్టు మీద మగవాళ్ల ఖైమా తాడు వదులైందని కఫీల్ కేకేస్తే వెళ్లాడు. ముడి వేస్తుండగా, లారీలో నుంచి కంకర గుమ్మరిస్తున్న చప్పుడు వినపడింది. ఆ చుట్టుపక్కల లారీ ఏదీ లేదు.

"నీరులా రాలేదండి. గోడలా వచ్చింది. ముళ్ల కంపలు, రాళ్లు, ఆ వెనకాల బురద. రంగు మారడం లేదు, నురగ లేదు. నేను అరిచాను. ఆడు లేచాడండి. గుడ్డ తీసి బయటకొచ్చాడు. నేను చూశాను. తలుపులోంచి బయటకొచ్చాడు."

ఆ రోజు అంతవరకే చెప్పాడు. శవం సాయంత్రానికి చాలా దిగువన దొరికింది. సౌదీ పోలీసులు దైవికం అని రాసుకున్నారు. కఫీల్ కూడా దేవుడి నిర్ణయం, ఖలాస్ అన్నాడు. బాబాయిని ఒక్క మాట అనలేదు. గట్టు మీది ఖైమాలు ఆ రాత్రి గాలికి కూడా చెక్కు చెదరలేదని మెచ్చుకున్నాడట.

తరవాత నెలలో ఒక మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. సోఫా మీద కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు.

డ్రైవరు భార్య రోజూ ఫోను చేస్తోందట. వాళ్ల ఊళ్లో అందరూ ఒక్కటే మాట అంటున్నారు. వాగు పక్కన పుట్టినవాడు వాగులో పడుకోవడమేమిటి? తెలివిలో ఉన్నవాడు చేసే పనేనా? తాగి ఉంటాడు. మా పత్రిక వార్తను ఎవరో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వాగు మధ్యన నిద్రపోతున్నాడని అందులోనూ ఉంది. వరద వచ్చిన రోజు పొద్దున ఆ మొగుడూ పెళ్లాలకు ఫోనులో గొడవైందట. ఇంటి గోడ విషయమో ఏదో చిన్న గొడవ. ఆ గొడవ అత్తగారు విన్నది. నీ నోటికి తట్టుకోలేకే నా కొడుకు తాగి వాగులో పడ్డాడని ఆవిడ కోడలితో అన్నం దగ్గర కూడా అంటోంది.

"సౌదీలో చుక్క దొరకదమ్మా అని చెప్పానండి. నమ్మలేదు. 'మరి నువ్వే చెప్పన్నా, వాగని ఎరుక లేకనే పండుకున్నడా? మా ఆయనకు వాగు తెల్వదా?' అంటంది. నేనేం చెప్పాలండి? ఆడికి తెలుసని చెప్పాలంటే నాకు చెప్పాడని చెప్పాలి. నేను నవ్వానని చెప్పాలి."

"చోటు మెత్తగా ఉందని వేశారు. పొరపాటు. కావాలని చేసింది కాదు కదా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మెత్తగా ఉందని కాదండి. గట్టు మీద వేస్తే దిబ్బ అడ్డం వస్తాది. ఆ ఇసకలో అయితే పడుకున్నా కొండ మొత్తం కనపడుద్ది. దానికోసం వేశానండి. తలుపు కూడా కొండవైపు నేనే తిప్పాను. ఆడు గట్టు వైపు పెట్టమన్నాడు, ఎక్కి దిగడానికి బాగుంటాదని. గట్టు వైపు పెట్టుంటే నాలుగు అంగల్లో గట్టెక్కేసేవాడండి. కొండవైపు ఉంది కాబట్టి నీళ్లకి ఎదురొచ్చాడు."

అని చెప్పి, "చెప్పేస్తానండి ఆవిడకి. మీరొక మాట చెప్పండి, చెప్పేస్తాను" అన్నాడు.

నేను వద్దన్నాను. నలభై ఏళ్లు ఏది అచ్చు వేయాలి, ఏది ఆపాలి అని తేల్చిన అలవాటు. కేసు మూసేశారు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆవిడ ఎవరితోనో అంటుంది, వాళ్లు ఎంబసీకి రాస్తారు, అది కఫీల్ దాకా వస్తుంది. ఇక్కడ ఉండటానికి మీకున్న ఇఖామా కార్డు ఆయన చేతిలో ఉంది. కొన్నాళ్లు ఆగండి. ఇదంతా చాలా నిదానంగా, అర్థమయ్యేలా చెప్పాను. ఆయన వినయంగా విన్నాడు.

"ఎన్నాళ్లండి?" అన్నాడు.

"కొన్నాళ్లు."

మరుసటి జనవరిలో సీసా నీళ్లు పోసి చూసి, మేకులు దింపి, నా దగ్గరకొచ్చి, "కొన్నాళ్లయినట్టేనాండి?" అని అడిగాడు. ఇంకొంచెం ఆగమన్నాను. ఆ తరవాతి ఏడాది అడగలేదు. మా వాళ్లకు ఆయన నీళ్ల పరీక్ష అలవాటైపోయింది. "బాబాయ్, ఎగువ ఎలా ఉంది, అందరూ కులాసానా?" అని పలకరించేవారు. "ఆయ్" అనేవాడు. గుడారానికి తలుపు తను పెట్టడం మానేశాడు. నాలుగు వైపులా గుడ్డ దించేసి, "మీకు కావాల్సినటు మీరు తీసుకోండి" అనేవాడు.

ఒకసారి సామానుతో మేం జహ్రా దాటి ముత్లా వైపు పోతున్నాం. అక్కడ రోడ్డు పక్కన ఒక ఎత్తయిన మట్టి గట్టు పైకి లేచి ఉంటుంది. ఈ దేశంలో దాన్నే కొండ అంటారు. పిల్లలు కారు ఆపించి ఫోటోలు తీసుకున్నారు. బాబాయి పికప్పులోంచి దిగలేదు. దాని వైపు వీపు పెట్టుకుని కూర్చుని తాడు చుట్టుకుంటున్నాడు. తాడు అప్పటికే చుట్టి ఉంది. విప్పి మళ్లీ చుడుతున్నాడు. నేను పక్కన నిలబడితే అన్నాడు, "అది ఇప్పటికీ కలలోకొస్తాదండి. దానికెంత సిగ్గు లేదో, బాగానే ఉంటాది చూడ్డానికి."

ఆఖరిసారి కలిసినప్పుడు ఆయనే నా ఫోను అడిగి తీసుకుని, తన ఫోను చూస్తూ ఒక ఇండియా నంబరు ఒక్కో అంకె నొక్కాడు. "డ్రైవరు భార్యదండి. మీ దగ్గర ఉంచండి. నాలుగైదు సార్లు ఫోనెత్తానండి. ఆవిడ 'అన్నా, తిన్నవా' అంటాది. దాంతో అయిపోతాది. నా నోటితో రాదండి. మీరు మాటలతోటే బతికినోరు."

ఇది పోయిన చలికాలం.

కాగితాలన్నీ అయ్యి శవం తరవాతి వారం శనివారం విమానంలో వెళ్లింది. ఆదివారం ఉదయం పది గంటలకు నేను ఆ నంబరుకు చేశాను. నన్ను నేను పరిచయం చేసుకున్నాను. బాబాయి పోయాడని చెప్పాను. ఆవిడకు నిజంగా బాధ కలిగింది. "అయ్యో, మంచోడు సార్. మా ఆయన శవంతోటి ఆయనే అచ్చిండు. దినాలకు గూడ ఉన్నడు" అంది. నేను ఇంకొక సంగతి చెప్పాలన్నాను. వార్త చెప్పినట్టే చెప్పాను. ఎవరు ఏ చోటు చూపించారు, ఎవరు వద్దన్నారు, ఏమని వద్దన్నారు, ఎవరు నవ్వారు, తలుపు ఎటు పెట్టమన్నారు, ఎటు పెట్టారు. మీ ఆయన తాగలేదు. అది వాగని ఆయనకు తెలుసు. అందరిముందూ చెప్పాడు.

అటు వైపు ఎక్కడో ఒక ట్రాక్టరు పోయిన చప్పుడు.

"గుండ్రటి రాళ్లని అన్నడా?" అంది.

"అన్నాడమ్మా."

"అంటడు. మా పొలం కాడ గట్లనే అంటుండె." మళ్లీ తనే, "జర ఆగు సార్. స్పీకర్ పెడ్త. మా అత్తమ్మ గీడనే ఉన్నది. మల్ల చెప్పు, మొదటికెల్లి. జర గట్టిగ చెప్పు, ఆమెకు సరిగ ఇనవడది."

నేను మొదటినుంచి చెప్పాను. గట్టిగా చెప్పాను.  చెప్పడం అయ్యాక ముసలావిడ గొంతు దూరంగా ఏదో అడిగింది. కోడలు ఆ మాటే నాకు అందించింది.

"ఈ ముచ్చట నీకు ఎప్పటిసంది ఎరుక అని అడుగుతున్నది సార్."

నాలుగేళ్ల నుంచి అన్నాను. దాన్ని కోడలు అత్తగారికి మళ్లీ చెప్పలేదు. ఫోను స్పీకర్‌లోనే ఉంది.